టీకా తర్వాత జరిగిందంతా టీకా వల్లే జరిగిందా?

అలిపిరి మెట్ల దారిలో ముప్పై నలభై ఏళ్ల మనిషి ఎవరైనా గుండె పట్టుకుని కూలిపోయాడని వార్త వస్తే, తిరుపతిలో టీ అంగళ్ల దగ్గర ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది: "కరోనా సూది వేసుకున్నాడు కదా, దాని పనే." ఆ మాట అనేవాళ్లను తప్పుపట్టలేం. నిన్నటిదాకా ఆరోగ్యంగా తిరిగిన మనిషి ఉన్నట్టుండి పోతే ఇంట్లోవాళ్లూ ఊళ్లోవాళ్లూ కారణం వెతుకుతారు. వెతికినప్పుడు చేతికి సులువుగా దొరికేది అందరూ వేసుకున్న ఆ సూదే. దానికి తోడు 2024 ఏప్రిల్ చివర్లో, ఆ టీకా వల్ల రక్తం గడ్డకట్టవచ్చని "కోవిషీల్డ్ కంపెనీ కోర్టులో ఒప్పుకుంది" అన్న వార్త ఇంటింటికీ చేరింది. మూడేళ్ల కిందట వేసుకున్న టీకా గురించి జనం మళ్లీ టెన్షన్ పడ్డారు.

ఇంకో వైపు, టీకా వల్లే తాము బతికి బయటపడ్డామని గట్టిగా నమ్మేవాళ్లూ అంతే మంది ఉన్నారు. ఈ రెండు వర్గాల మాటల్లోనూ లోపం ఒక్కటే. ఇద్దరూ వేసుకున్నవాళ్లను మాత్రమే చూస్తున్నారు. వేసుకోనివాళ్లకు అదే కాలంలో, అదే వయసులో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడనంతవరకు టీకా కాపాడిందనీ చెప్పలేం, చంపిందనీ చెప్పలేం.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కోవిడ్‌కు ఇచ్చిన నాటు మందు కోసం వేల మంది బారులు తీరిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ గుర్తుంటుంది. మందు తీసుకున్నాం, తగ్గింది అని చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు నిజంగానే తగ్గింది. కాకపోతే కోవిడ్ సోకినవాళ్లలో చాలా ఎక్కువ మందికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. మందు తీసుకోని వెయ్యి మందిలో ఎంతమందికి తగ్గిందో తెలియకుండా, తీసుకున్న వెయ్యి మంది లెక్క ఎంత బాగున్నా దాంతో తేలేది ఏమీ లేదు. ఇదే కొలత టీకాకూ వర్తిస్తుంది. కంపెనీవాళ్లు చెప్పినా, డాక్టర్లు చెప్పినా, ప్రభుత్వం చెప్పినా, పోలిక చూపించకుండా చెప్పిన మాటను ఒప్పుకోనక్కర్లేదు.

78 శాతం అంటే ఏమిటి

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్ మూడో దశ పరీక్షలో 25,800 మంది పాల్గొన్నారు. సగం మందికి నిజం టీకా, సగం మందికి వైరస్ లేని ఉత్త మందు. ఎవరికి ఏది ఇచ్చారో వేసుకున్నవాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. ఆ తర్వాత లెక్కలోకి తీసుకున్న దాదాపు 17 వేల మందిలో 130 మందికి లక్షణాలతో కోవిడ్ వచ్చింది. వీళ్లలో ఉత్త మందు వేసుకున్నవాళ్లు 106 మంది, టీకా వేసుకున్నవాళ్లు 24 మంది. రెండు గుంపుల్లో మనుషుల సంఖ్య ఇంచుమించు సమానం. అంటే టీకా లేకపోతే వందకు పైగా జబ్బుపడే చోట 24 మంది జబ్బుపడ్డారు. ఈ తగ్గుదలే 77.8 శాతం. జబ్బు తీవ్రమైన కేసులు మొత్తం 16 వస్తే, ఉత్త మందు వైపు 15, టీకా వైపు 1.

అప్పట్లో చాలామంది 78 శాతం అంటే వందలో 22 మందికి టీకా వేసుకున్నా జబ్బు వస్తుందని అర్థం చేసుకున్నారు. అది కాదు. టీకా వైపున్న ఎనిమిదిన్నర వేల మందిలో జబ్బుపడింది 24 మందే. 78 అన్నది జబ్బుపడేవాళ్ల సంఖ్యలో తగ్గుదల, వందలో ఇంతమందికే రాదన్న లెక్క కాదు. ఈ తేడాను సచివాలయాల్లో, ఆరోగ్య కేంద్రాల్లో జనానికి వాళ్ల భాషలో విడమరచి చెప్పి ఉంటే తర్వాత "వేసుకున్నా వచ్చింది కదా" అన్న మాట అంత బలంగా పాతుకుపోయేది కాదు.

అయితే పరీక్షలో వచ్చిన అంకె బయట ప్రపంచంలో అలాగే నిలబడలేదు. 2021 ఏప్రిల్ 15 నుంచి మే 15 వరకు, అంటే డెల్టా రకం వైరస్ ఉధృతంగా ఉన్న నెలలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్ష చేయించుకున్న 2,714 మంది ఉద్యోగులను పరిశీలిస్తే రెండు డోసుల కోవాక్సిన్ లక్షణాలతో వచ్చే కోవిడ్‌ను ఆపింది సుమారు 50 శాతమే. అప్పటికి వైరస్ మారింది. పైగా రోజంతా కోవిడ్ రోగుల మధ్య పనిచేసే ఉద్యోగి పీల్చే వైరస్ మోతాదు వేరు, ఇంటిపట్టున ఉండే మనిషి పీల్చేది వేరు. ఈ 50 అన్న అంకె అందరికీ తెలిసేలా ప్రచురితమైంది, దాచిపెట్టలేదు. అది విజ్ఞానానికి మేలే చేసింది.

వేలూరు మెట్లు

చిత్తూరు జిల్లా వాళ్లకు పెద్ద జబ్బు వస్తే వేలూరు సీఎంసీ అలవాటైన దారి. ఆ ఆస్పత్రి తన సొంత ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం టీకా ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది మిగతా వాటికన్నా స్పష్టంగా చూపిస్తుంది. 2021 జనవరి నుంచి ఏప్రిల్ వరకు అక్కడి 10,600 మంది సిబ్బందిలో 8,991 మంది టీకా వేసుకున్నారు, దాదాపు అందరూ కోవిషీల్డే. సెకండ్ వేవ్ నడుస్తున్న మే నెల వరకు వచ్చిన కేసులను, వేసుకోనివాళ్లతో పోల్చి చూశారు. రెండు డోసులు పూర్తయినవాళ్లలో వైరస్ సోకడం 65 శాతం తగ్గింది. ఆస్పత్రిలో చేరాల్సి రావడం 77 శాతం తగ్గింది. ఆక్సిజన్ అవసరం 92 శాతం, ఐసీయూ అవసరం 94 శాతం తగ్గాయి. చనిపోయింది ఒక్కరే, ఆ వ్యక్తి టీకా వేసుకోలేదు.

జబ్బు ఎంత తీవ్రమైతే టీకా రక్షణ అంత గట్టిగా ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు, శరీరం పనితీరులోనే దీనికి కారణం ఉంది. వైరస్ ముందు ముక్కు, గొంతులో చేరుతుంది. అక్కడ దాన్ని అడ్డుకోవాలంటే ఆ క్షణానికి యాంటీబాడీలు సిద్ధంగా, ఎక్కువగా ఉండాలి. భుజానికి వేసిన సూది వల్ల రక్తంలో పుట్టే యాంటీబాడీలు కొన్ని నెలలకే తగ్గిపోతాయి, ముక్కులోకి చేరేది అంతకన్నా తక్కువ. కానీ టీకా ఒకసారి పరిచయం చేసిన శత్రువును గుర్తుపెట్టుకునే కణాలు చాలాకాలం నిలుస్తాయి. అవి మేల్కొని సైన్యాన్ని తయారుచేయడానికి కొద్దిరోజులు పడుతుంది. ఆ కొద్దిరోజుల్లో జలుబు, జ్వరం వచ్చేస్తాయి. వైరస్ ఊపిరితిత్తులను నాశనం చేసే దశకు వచ్చేలోపు మాత్రం శరీరం సిద్ధమై ఉంటుంది. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు ఇంటింటా జ్వరాలు వచ్చినా, అంతకు ముందు ఏడాది మే నెలలోలా ఆస్పత్రులు నిండకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అప్పటికి చాలామందికి ఒకసారి కోవిడ్ వచ్చిపోయి ఉండటం, ఒమిక్రాన్ ఊపిరితిత్తుల మీద కొంత తక్కువగా దాడిచేయడం మిగతా కారణాలు. ఘనత అంతా టీకాకే ఇవ్వడం సరికాదు.

ఆక్సిజన్ అవసరం 92 శాతం తగ్గింది అన్న మాట కాగితం మీద ఒక అంకె. తిరుపతిలో దానికి వేరే అర్థం ఉంది. 2021 మే 10 రాత్రి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, ట్యాంకర్ చేరేలోపు 11 మంది ప్రాణాలు పోయాయని అధికారికంగా ప్రకటించారు. ఆ రోజుకు దేశం మొత్తం మీద వేసిన డోసులు దాదాపు 17 కోట్లు, జనాభా 130 కోట్లకు పైమాటే. 18 ఏళ్లు దాటినవాళ్లకు టీకా తెరిచి పది రోజులే అయింది, అదీ డోసులు దొరకని పరిస్థితుల్లో. సెకండ్ వేవ్‌లో టీకా ఏం కాపాడింది అని అడిగేవాళ్లు ఈ తేదీలను పక్కన పెట్టుకోవాలి. ఆ నెలలో ఆక్సిజన్ కోసం తపించినవాళ్లలో అత్యధికులకు టీకా అందనే లేదు. అది టీకా వైఫల్యం కాదు, సమయానికి అందించలేని వైఫల్యం.

తమిళనాడు పోలీసుల లెక్క కూడా మన సరిహద్దు అవతలిదే. 2021 ఫిబ్రవరి 1 నుంచి మే 14 వరకు 1,17,524 మంది పోలీసులను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుబంధ శాస్త్రవేత్తలు పరిశీలించారు. టీకా వేసుకోని 17,059 మందిలో 20 మంది కోవిడ్‌తో చనిపోయారు. ఒక డోసు వేసుకున్న 32,792 మందిలో 7 మంది, రెండు డోసులు వేసుకున్న 67,673 మందిలో 4 మంది. వెయ్యి మందికి లెక్కేస్తే 1.17, 0.21, 0.06. మరణాన్ని ఆపడంలో ఒక డోసు 82 శాతం, రెండు డోసులు 95 శాతం.

ఈ లెక్కకూ పరిమితులున్నాయి. ఇది లాటరీ వేసి పంచిన పరీక్ష కాదు. టీకా వేసుకోనివాళ్లలో ముందే ఆరోగ్యం సరిగా లేనివాళ్లు ఎక్కువ ఉండి ఉండొచ్చు. ఆ తేడాను తీసేస్తే 95 అన్నది కొంత తగ్గవచ్చు. కానీ ఒకే ఉద్యోగం, ఒకే వీధుల్లో డ్యూటీ చేసినవాళ్ల మధ్య ఇరవై రెట్లకు దగ్గరగా ఉన్న తేడా పూర్తిగా ఆవిరయ్యేంత చిన్నది కాదు. రెండు డోసులు వేసుకున్నా చనిపోయిన ఆ నలుగురి ఇళ్లలో మాత్రం ఈ వాదన ఎవరినీ ఓదార్చదు. వాళ్ల ఊళ్లలో "రెండు సూదులు వేసుకున్నా పోయాడు" అన్న మాటే మిగులుతుంది. ఆ మాట నిజమే. దాని పక్కన ఉండాల్సిన ఇంకో సగం మాత్రం ఎవరి కంటికీ కనపడదు. టీకా వల్ల బతికిన మనిషికి తాను టీకా వల్ల బతికానని తెలిసే అవకాశమే లేదు.

జ్వరం, ఒళ్లునొప్పులు, రెండు రోజుల కూలి

దుష్ప్రభావాల్లో ఎక్కువ మందికి తగిలేవి చిన్నవే: చెయ్యి నొప్పి, జ్వరం, చలి, ఒళ్లునొప్పులు, నీరసం. కోవిషీల్డ్‌తో ఇవి యువకుల్లో ఎక్కువ, రెండో డోసు కన్నా మొదటి డోసుకే ఎక్కువ. ఒకటి రెండు రోజుల్లో పోతాయి. వైద్య పత్రాల్లో వీటిని స్వల్పం అని రాస్తారు. కానీ జూన్ నెలలో దామలచెరువు, బంగారుపాళ్యం మండీలకు మామిడికాయ కోసి పంపే కూలీకి రెండు రోజుల జ్వరం స్వల్పం కాదు. సీజన్ ఉండేదే కొన్ని వారాలు. రెండు రోజుల కూలి పోవడం నిజమైన నష్టం. పల్లెల్లో చాలామంది టీకాకు వెనకాడింది మూఢనమ్మకంతో కాదు, ఈ లెక్కతో. పారాసిటమాల్ మాత్రల పక్కన ఆ రెండు రోజుల కూలి కూడా ఇచ్చి ఉంటే ఆశా కార్యకర్తలు ఇన్నిసార్లు గడపలు ఎక్కాల్సి వచ్చేది కాదు.

ఈ చిన్న దుష్ప్రభావాల దగ్గరా పోలిక ఒక వింత సంగతి చూపిస్తుంది. పన్నెండు టీకా పరీక్షల్లో పాల్గొన్న 45 వేల మందికి పైగా వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2022 జనవరిలో వచ్చింది. మొదటి డోసు తర్వాత, ఉత్త మందు వేసుకున్నవాళ్లలో కూడా 35 శాతం మంది తలనొప్పి, నీరసం లాంటివి వచ్చాయని చెప్పారు. కోవాక్సిన్ పరీక్షలోనైతే ఇబ్బందులు వచ్చాయని చెప్పినవాళ్లు రెండు వైపులా 12.4 శాతమే. అంటే జనం నటిస్తున్నారని కాదు. సూది తర్వాత ఏదో అవుతుందని కనిపెట్టుకుని కూర్చున్న మనిషికి రోజూ వచ్చే తలనొప్పి కూడా కొత్తగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో టీవీలు, వాట్సాప్ కలిసి పెంచిన భయం దీనికి ఆజ్యం పోసింది.

తీవ్రమైన అలర్జీ వేరే విషయం. అది అరుదు, కానీ నిజం, నిమిషాల్లో ప్రాణం తీయగలదు. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టింది దానికోసమే. 2021 మార్చిలో టీకా వేసుకున్న 68 ఏళ్ల వ్యక్తి తీవ్ర అలర్జీతో చనిపోయారని, అది టీకా వల్లేనని టీకా దుష్ప్రభావాలను పరిశీలించే జాతీయ కమిటీ తేల్చింది. దేశంలో టీకాకు నేరుగా ముడిపెట్టిన మొదటి మరణం అదేనని ఆ ఏడాది జూన్‌లో వార్తలు వచ్చాయి. చాలా కేంద్రాల్లో ఆ అరగంటను పది నిమిషాలకు కుదించేసిన తీరు చూసినవాళ్లకు ఇది కలవరం కలిగించే సంగతే.

గడ్డల కథ

కోవిషీల్డ్ విషయంలో అసలైన భయం రక్తం గడ్డకట్టడం. ఇది పుకారు కాదు. 2021 మార్చిలో యూరప్‌లో మొదట గుర్తించారు. మెదడు సిరల్లోనో కడుపులోనో గడ్డలు కడుతూ, అదే సమయంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం దీని గుర్తు. మామూలుగా ఈ రెండూ కలిసి రావు. ఆక్స్‌ఫర్డ్, ఆస్ట్రాజెనెకా రూపొందించి పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్ పేరుతో తయారుచేసిన ఈ టీకాలో చింపాంజీల్లో జలుబు తెచ్చే అడెనోవైరస్‌ను, పెరగకుండా మార్చి, వాహనంగా వాడారు. రక్తంలో ప్లేట్‌లెట్లు విడుదల చేసే ఒక ప్రోటీన్ ఈ వాహనానికి అతుక్కుంటుంది. చాలా కొద్దిమంది శరీరాలు ఆ ప్రోటీన్‌నే శత్రువుగా పొరబడి దాని మీద యాంటీబాడీలు తయారుచేస్తాయి. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి. కోవాక్సిన్‌లో ఈ వాహనం లేదు, అందులో ఉన్నది చంపిన కరోనా వైరస్. రెండు టీకాలనూ కలిపి ఒకే గాటన కట్టి మాట్లాడటం పొరపాటు.

బ్రిటన్‌లో 50 ఏళ్లలోపు వాళ్లలో మొదటి డోసు తర్వాత దాదాపు 50 వేల మందికి ఒకరికి, అంతకు పైబడినవాళ్లలో దాదాపు లక్ష మందికి ఒకరికి ఇది వచ్చింది. వచ్చినవాళ్లలో గణనీయమైన భాగం చనిపోయారు. అందుకే అక్కడ 2021 ఏప్రిల్‌లో 30 ఏళ్లలోపు వాళ్లకు, మేలో 40 ఏళ్లలోపు వాళ్లకు వేరే టీకా ఇవ్వడం మొదలుపెట్టారు. కోవిడ్‌తో చనిపోయే ప్రమాదం చాలా తక్కువ ఉన్న యువకుడి దగ్గర, అరుదైనదైనా ఈ ప్రమాదం త్రాసులో బరువు తూగుతుంది. అరవై ఏళ్ల షుగర్ పేషెంట్ దగ్గర తూగదు. ఒకే టీకా ఒకరికి లాభం, ఇంకొకరికి ఆలోచించాల్సిన విషయం కావడంలో వైరుధ్యం ఏమీ లేదు.

మన దేశంలో 2021 మేలో జాతీయ కమిటీ 498 తీవ్రమైన కేసులను పరిశీలించి, 26 కేసులు గడ్డలకు సంబంధించినవి కావచ్చని చెప్పింది. పది లక్షల డోసులకు 0.61. ఇది బ్రిటన్ లెక్కకన్నా చాలా తక్కువ. ఈ తేడా మొత్తాన్ని మన రక్తం అదృష్టంగా తీసుకోకూడదు. పల్లెలో ఒక స్త్రీకి టీకా వేసుకున్న పన్నెండో రోజున భరించలేని తలనొప్పి వచ్చిందనుకుందాం. ప్లేట్‌లెట్ల పరీక్ష, మెదడు సిరల స్కాన్ లాంటివి జరగకపోతే ఆమె పేరు ఇలాంటి లెక్కలోకి రావడం కష్టం. మన వ్యవస్థ ఎవరో వచ్చి చెప్పుకుంటే రాసుకునేది, వెళ్లి వెతికేది కాదు. కాబట్టి 0.61ను కనీస అంకెగా చదవడం న్యాయం.

అదే సమయంలో వైరస్ వైపు లెక్క కూడా చూడాలి. ఇంగ్లండ్‌లో టీకా వేసుకున్న 2.9 కోట్ల మంది రికార్డులతో చేసిన అధ్యయనం 2021 ఆగస్టులో వచ్చింది. ప్రతి కోటి మందికి, ఆస్ట్రాజెనెకా టీకా తర్వాత అదనంగా ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లు 107 మంది, కోవిడ్ సోకిన తర్వాత 934 మంది. సిరల్లో గడ్డలు టీకా తర్వాత అదనంగా 66, కోవిడ్ తర్వాత 12,614. మెదడు సిరల్లో గడ్డలు టీకా తర్వాత 7, కోవిడ్ తర్వాత 20. 2021 జూన్, జూలైలో ఐసీఎంఆర్ సర్వేలో దేశ జనాభాలో 67.6 శాతం మందిలో కోవిడ్ యాంటీబాడీలు కనిపించాయి. టీకా వద్దనుకున్నవాళ్లు ప్రమాదం లేని దారి ఎంచుకున్నట్టు కాదు. వాళ్లలో ఎక్కువ మందిని వైరస్ ఎలాగూ పట్టుకుంది.

ఇక 2024 నాటి వార్త. బ్రిటన్‌లో బాధితులు వేసిన కేసులో, ఈ టీకా "చాలా అరుదుగా" గడ్డలకు కారణం కావచ్చని ఆస్ట్రాజెనెకా రాతపూర్వకంగా ఒప్పుకుంది. వైద్య సంస్థలు మూడేళ్ల ముందే ప్రకటించిన విషయాన్ని కంపెనీ కోర్టులో అంగీకరించడం అది. ఆ మేలో టీకాను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది, గిరాకీ లేదన్న కారణంతో. సీరం సంస్థ 2021 డిసెంబరులోనే కోవిషీల్డ్ తయారీ ఆపేసింది. ఈ గడ్డల సమస్య వచ్చేది టీకా వేసుకున్న నాలుగో రోజు నుంచి ఆరు వారాల లోపు. 2021లో కోవిషీల్డ్ వేసుకున్న మనిషికి ఆ గడువు ఆ ఏడాదే ముగిసిపోయింది. ఇప్పుడు ఆ భయంతో ల్యాబుకు వెళ్లి, రక్తంలో గడ్డల ఆనవాళ్లు చూసే డి-డైమర్ పరీక్ష చేయించుకోవడం డబ్బు దండగ. ఆ పరీక్ష వయసు పెరిగినా, చిన్న ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఎక్కువ చూపిస్తుంది, కొత్త భయం తెచ్చిపెడుతుంది.

మెట్ల దారి మరణాలు

మళ్లీ అలిపిరికి వద్దాం. అకస్మాత్తుగా చనిపోయిన యువకుల మీద ఐసీఎంఆర్ చేసిన అధ్యయనం 2023 నవంబరులో వచ్చింది. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు, దేశంలోని 47 ఆస్పత్రుల పరిధిలో, 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసులో పెద్ద జబ్బులేవీ లేకుండా హఠాత్తుగా చనిపోయిన 729 మంది వివరాలు సేకరించారు. ఒక్కొక్కరికీ అదే వయసు, అదే చుట్టుపక్కల ఉండే నలుగురు బతికున్నవాళ్లను జోడించి, మొత్తం 2,916 మందితో పోల్చారు. టీకా చంపుతుంటే చనిపోయినవాళ్లలో టీకా వేసుకున్నవాళ్ల వాటా ఎక్కువ ఉండాలి. ఉండలేదు. రెండు డోసులు వేసుకున్నవాళ్లలో హఠాన్మరణం తక్కువే కనిపించింది. ప్రమాదం పెంచినవి వేరే ఉన్నాయి: ఇంతకు ముందు కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో హఠాన్మరణాల చరిత్ర, చనిపోయే ముందు 48 గంటల్లో విపరీతంగా తాగడం లేదా మత్తు పదార్థాలు వాడటం, భారీ శ్రమ.

చివరిది ఈ ఊరికి బాగా తగులుతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఏడాదంతా కుర్చీలో కూర్చుని పనిచేసి, రాత్రంతా బస్సులో నిద్రలేకుండా వచ్చి, ఏమీ తినకుండా ఒక్క ఊపున ఎక్కేవాళ్లు రోజూ కనిపిస్తారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు కాలినడకన రావద్దని టీటీడీ సూచిస్తూనే ఉంటుంది. తన గుండెలో రక్తనాళం పూడుకుపోయిందని తెలియనివాళ్లకు ఆ సూచన తమకే అని ఎలా తెలుస్తుంది? ఇలాంటి మరణం టీకా రాకముందూ జరిగేది. అప్పుడు జనం వేరే కారణం చెప్పుకునేవాళ్లు. ఊళ్లో అందరూ చెప్పులు వేసుకుంటే కాలు జారినవాడి కాళ్లకు చెప్పులే ఉంటాయి. 2022 జూలై నాటికి దేశంలో వేసిన డోసులు 200 కోట్లు దాటాక, చనిపోయిన దాదాపు ప్రతి పెద్దవాళ్లూ టీకా వేసుకున్నవాళ్లే అవుతారు.

కోవాక్సిన్ మీద కాశీలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో 926 మందిపై చేసిన అధ్యయనం 2024లో పెద్ద వార్త అయింది. టీకా తర్వాత ఏడాదిలో మూడో వంతు మందికి ఏవో ఇబ్బందులు వచ్చాయని అది చెప్పింది. అందులో టీకా వేసుకోనివాళ్ల గుంపు లేదు. ఏడాది పాటు ఎవరిని గమనించినా దగ్గు, గొంతునొప్పి, చర్మ సమస్య ఏదో ఒకటి రాకుండా ఉండదు. ఈ లోపాన్ని ఎత్తిచూపుతూ ఐసీఎంఆర్ అభ్యంతరం చెప్పింది, తర్వాత ఆ పత్రాన్ని పత్రిక ఉపసంహరించింది. కృష్ణపట్నంలో లేనిది ఇక్కడా లేదు. అక్కడ మేలు లెక్కలో లోపించింది, ఇక్కడ కీడు లెక్కలో.

అమెరికా, యూరప్‌లలో వాడిన ఫైజర్, మోడెర్నా టీకాల తర్వాత కొందరు యువకుల్లో గుండె కండరం వాచింది. అదీ నిజమే. కానీ ఆ రెండు టీకాలూ మన ప్రభుత్వ కార్యక్రమంలో లేవు. వాట్సాప్‌లో తిరిగే గుండె వాపు వీడియోల్లో చాలావరకు ఆ దేశాల సంగతులే.

నష్టపోయినవాళ్ల మాట

లక్షలో ఒకరికి అన్నది సమాజానికి ఓదార్పు, ఆ ఒక్కరికి కాదు. అందరి మేలు కోసం సూది వేసుకుని ఒకరు నష్టపోతే ఆ భారం అందరూ మోయాలి. బ్రిటన్‌లో 1979 నుంచి దీనికి చట్టం ఉంది. టీకా వల్ల తీవ్రంగా నష్టపోయారని తేలితే, తప్పు ఎవరిదన్న విచారణ లేకుండా 1,20,000 పౌండ్లు ఇస్తారు. కోట్ల డోసులు వేసిన రోజుల్లో మన దగ్గర అలాంటి చట్టం లేదు. 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని తీర్పిస్తూ, దుష్ప్రభావాలను ఎవరైనా నమోదు చేసుకునేలా, ఆ వివరాలు అందరికీ కనిపించేలా ఏర్పాటు ఉండాలని కూడా చెప్పింది. ఆ రెండో మాటకు మొదటి మాటకు దక్కినంత ప్రచారం దక్కలేదు. టీకాను సమర్థించేవాళ్లే దీని గురించి ముందుగా గట్టిగా అడగాల్సింది. "ఏమీ కాదు, అంతా సురక్షితం" అని 2021లో మైకుల్లో చెప్పిన మాటే, 2024లో కోర్టు వార్త రాగానే "అప్పుడు అబద్ధం చెప్పారు" అన్న కోపంగా మారింది. అరుదుగా ఇలా జరుగుతుంది, ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి రండి అని ముందే చెప్పి ఉంటే, ఆ కోపం పుట్టేది కాదు, కొన్ని ప్రాణాలూ నిలిచేవి.

దుష్ప్రభావాలను నమోదు చేసే ఆ ఏర్పాటు కోవిడ్‌తోనే ముగిసిపోయేది కాదు. బుధవారం, శనివారం పసిపిల్లలకు టీకాలు వేసే ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) దగ్గరే దుష్ప్రభావాల నమోదు కూడా మొదలవుతుంది. టీకా తర్వాత బిడ్డకు ఫిట్స్ వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా, టీకా వల్లేనని ఖాయం కానక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు, ఆమెకో ఆరోగ్య కేంద్రం డాక్టరుకో చెప్పి రాయించవచ్చు. ఏ టీకా, ఏ బ్యాచ్, ఏ రోజు, ఎన్ని గంటలకు ఇబ్బంది మొదలైంది అన్నది టీకా కార్డు మీద ఉన్న వివరాలతో పాటు అదే రోజు రాయిస్తే, పోల్చి చూసేవాళ్లకు ఆ బిడ్డ కేసు కూడా లెక్కలోకి వస్తుంది.